గడియారపు వేగమే గణన వేగమా?

ఇంటికో, పాఠశాలకో డెస్క్‌టాప్ కంప్యూటరు కొనదలచిన వారిని అంగడిలో మొట్టమొదట అడిగే ప్రశ్న ఒకటి ఉన్నది: "ఇంటెల్ కావాలా, ఏఎండీ కావాలా?" కొనేవారు ఈ ప్రశ్ననే పట్టుకొని తెలిసినవారి చుట్టూ తిరుగుతారు. సమాధానాలకు కొదువ ఉండదు. ఇంటెల్‌ను మించినది లేదని ఒకరంటారు. ఏఎండీ చవక, పైగా చురుకు అని మరొకరంటారు. ఇరుపక్షాల వారూ తమ వాదానికి ఆధారంగా ఏదో ఒక అంకెను చూపుతారు. ఆ అంకె దేనిని కొలుస్తున్నది? ఎంతవరకు నమ్మదగినది? ఎక్కడ మోసపుచ్చుతుంది? ఈ మూడు ప్రశ్నలను మాత్రం అడిగేవారు అరుదు.

ఈ విచారణ కేవలం పాండిత్య ప్రదర్శన కొరకు కాదు. పాఠశాలకు మంజూరయ్యే సొమ్ము పరిమితమైనది. ఒకసారి కొన్న యంత్రంతో ఐదారేండ్లు గడపవలసి ఉంటుంది. తప్పు కొలబద్దతో కొన్నప్పుడు ఆ ఫలితాన్ని అనుభవించేది కాగితాలపై సంతకం చేసినవారు కాదు. ప్రతిదినం ఆ యంత్రం ముందు కూర్చునే విద్యార్థులు.

ఒకే భాష, రెండు సంస్థలు

కంప్యూటరులో ఆదేశాలను ఒకదాని వెంట ఒకటి అందుకొని అమలు జరిపే భాగాన్ని ప్రాసెసర్ అంటారు. ఇంటెల్ సంస్థను 1968లో రాబర్ట్ నోయిస్, గోర్డన్ మూర్ అమెరికాలో స్థాపించారు. మరుసటి సంవత్సరమే, అనగా 1969లో, జెర్రీ శాండర్స్, ఆయన సహచరులు ఏఎండీని ప్రారంభించారు. ఈ ఇరువర్గాల వారూ అంతకు ముందు ఫెయిర్‌చైల్డ్ అనే ఒకే సంస్థలో పనిచేసినవారు కావడం విశేషం.

1981లో ఐబీఎం తన పర్సనల్ కంప్యూటరుకు ఇంటెల్ వారి 8088 ప్రాసెసర్‌ను ఎన్నుకొన్నది. అయితే ఒకే సంస్థపై ఆధారపడటం క్షేమం కాదని తలచి, ఆ ప్రాసెసర్‌ను తయారుచేయగల రెండవ సంస్థ కూడా ఉండవలెనని కోరింది. దాని ఫలితంగా 1982లో ఇంటెల్, ఏఎండీల మధ్య ఒడంబడిక కుదిరింది. తరువాతి కాలంలో అది వ్యాజ్యాలకు దారితీసినా, ఒక మేలు మాత్రం స్థిరపడింది. రెండు సంస్థల ప్రాసెసర్లూ ఎక్స్86 అనే ఒకే ఆదేశ భాషను అర్థం చేసుకొంటాయి. ఒకదానిపై నడిచే ప్రోగ్రాము సాధారణంగా రెండవదానిపై కూడా నడుస్తుంది.

ఈ భాషను 64 బిట్లకు విస్తరించినది ఏఎండీ. 2003లో అది ఆ విధమైన ప్రాసెసర్లను విడుదల చేయగా, 2004లో ఇంటెల్ కూడా అదే విస్తరణను తనదిగా చేసుకొన్నది. కావున నేడు ఇంటెల్ కొన్నవాడు ఏఎండీ రూపొందించిన భాషాభాగాన్ని, ఏఎండీ కొన్నవాడు ఇంటెల్ రూపొందించిన మూలభాషను వాడుతున్నాడని చెప్పవచ్చును. ఇది తెలిసిన పిమ్మట పేరును బట్టి పక్షం వహించడంలో అర్థం చాలవరకు నశిస్తుంది. ఇక మిగిలేది సామర్థ్యాన్ని కొలవడం.

మొదటి కొలబద్ద: గడియారం

ప్రతి ప్రాసెసర్‌లోనూ లయ తప్పకుండా కొట్టుకొనే విద్యుత్ స్పందన ఒకటి ఉంటుంది. దీనినే గడియారం అంటారు. సెకనుకు వంద కోట్ల స్పందనలు జరిగితే దానిని ఒక గిగాహెర్ట్జ్ అంటారు. సాధారణ జనం చాలా కాలం ఈ ఒక్క సంఖ్యనే సామర్థ్యానికి గుర్తుగా భావించారు. పెద్ద సంఖ్య ఉన్నదే గొప్ప ప్రాసెసర్ అయింది.

ఇందులోని పొరపాటును గ్రహించడానికి ఏతాన్ని తలచుకొంటే చాలును. ఒక రైతు నిమిషానికి పదిసార్లు ఏతం ముంచుతాడు. మరొకడు ఆరుసార్లే ముంచుతాడు. ఎవరి పొలానికి ఎక్కువ నీరు పారుతుంది? బానల పరిమాణం తెలియనిదే ఈ ప్రశ్నకు సమాధానం లేదు. మొదటివాని బానలో పది లీటర్లు, రెండవవాని బానలో ఇరవై లీటర్లు పట్టినచో, పదిసార్లు ముంచినవాడు నూరు లీటర్లు, ఆరుసార్లు ముంచినవాడు నూట ఇరవై లీటర్లు తోడుతారు. ప్రాసెసర్ విషయంలో ముంపుల సంఖ్య గడియారపు వేగం. బాన పరిమాణం ఒక్క స్పందనలో పూర్తికాగల ఆదేశాల సగటు సంఖ్య. పని జరిగే వేగం ఈ రెండింటి లబ్ధం. ప్రకటనలలో మొదటి సంఖ్య మాత్రమే పెద్ద అక్షరాలలో కనిపించేది.

చరిత్రలో దీనికి చక్కని ఉదాహరణ ఉన్నది. 2000 మార్చిలో ఒక గిగాహెర్ట్జ్ మైలురాయిని ఏఎండీ తన అథ్లాన్ ప్రాసెసర్‌తో దాటింది. రెండు రోజులలోనే ఇంటెల్ తన పెంటియం 3తో అక్కడికి చేరింది. అదే సంవత్సరం నవంబరులో ఇంటెల్ పెంటియం 4ను 1.4, 1.5 గిగాహెర్ట్జ్ వేగాలతో విడుదల చేసింది. సంఖ్యను చూస్తే ఇది పెద్ద గెలుపే. కాని కొన్ని పరీక్షలలో ఒక గిగాహెర్ట్జ్ పెంటియం 3 కంటె కొత్త ప్రాసెసరే వెనుకబడింది!

కారణం దాని నిర్మాణంలో ఉన్నది. ఇల్లు కట్టేచోట కూలీలు వరుసగా నిలబడి ఇటుకలను చేతులు మార్చడం అందరూ చూచినదే. వరుసలో ఎక్కువమంది ఉంటే ఒక్కొక్కరు చేయవలసిన పని తగ్గుతుంది. చేతులు మారే లయ వేగవంతమవుతుంది. ప్రాసెసర్‌లో ఆదేశాలు కూడా ఇట్లే అంచెలంచెలుగా సాగుతాయి. ఈ వరుసను పైపులైను అంటారు. పెంటియం 3లో సుమారు 10 అంచెలు ఉండగా పెంటియం 4లో 20 ఏర్పరచారు. 2004లో వచ్చిన రూపంలో అవి 31కి పెరిగాయి. అందువలన గడియారం వేగంగా కొట్టుకొన్నది. కాని ప్రోగ్రాములలో "ఇది నిజమైతే ఈ దారి, కాకుంటే ఆ దారి" అనే ఆదేశాలు తరచుగా వస్తాయి. ఏ దారి పట్టవలెనో తేలకముందే ప్రాసెసర్ ఊహించి, ఆ దారిలోని ఆదేశాలను వరుసలోనికి పంపుతుంది. ఊహ తప్పినచో వరుసలో ఉన్న తప్పు ఇటుకలన్నింటినీ పారవేసి మొదటినుండి ప్రారంభించవలసిందే. వరుస ఎంత పొడవైనదో నష్టం అంత ఎక్కువ.

ఏఎండీ ఈ లోపాన్ని ఎత్తిచూపింది. 2001 అక్టోబరులో విడుదల చేసిన అథ్లాన్ ఎక్స్‌పీ ప్రాసెసర్లకు గడియారపు వేగాన్ని కాక, మరొక సంఖ్యను పేరుగా పెట్టింది. 1.53 గిగాహెర్ట్జ్ వేగం గల ప్రాసెసర్ పేరు 1800 ప్లస్. చాలా పరీక్షలలో అది 2 గిగాహెర్ట్జ్ పెంటియం 4కు దీటుగా నిలిచిన మాట నిజమే. అయినప్పటికీ ఇక్కడ విమర్శించదగిన అంశం ఒకటి కలదు. ఆ సంఖ్య తమ పాత అథ్లాన్‌తో పోల్చి నిర్ణయించినదని ఏఎండీ చెప్పినా, కొనుగోలుదారులు దానిని పెంటియం 4 మెగాహెర్ట్జ్‌లతో పోల్చి చదువుకొన్నారు. అట్లా చదువుకొనడం ఏఎండీకి లాభకరమే. ఒక అసంపూర్ణమైన సంఖ్య స్థానంలో అమ్మేవారే నిర్ణయించిన మరొక సంఖ్య వచ్చింది. కొలబద్దలోని లోపం పోలేదు. అది చేతులు మారింది.

గడియారపు పందెం చివరకు వేడిమి వలన ఆగిపోయింది. ప్రాసెసర్‌లో ఖర్చయ్యే విద్యుత్ శక్తి గడియారపు వేగానికి అనులోమానుపాతంలోనూ, వోల్టేజి వర్గానికి అనులోమానుపాతంలోనూ పెరుగుతుంది. వేగం పెంచడానికి వోల్టేజిని కూడా పెంచవలసి వచ్చినప్పుడు వేడి ఎంత త్వరగా హెచ్చుతుందో భౌతికశాస్త్ర విద్యార్థి సులభంగా లెక్కకట్టగలడు. 4 గిగాహెర్ట్జ్ పెంటియం 4ను తీసుకొనిరావాలన్న ఆలోచనను ఇంటెల్ 2004లో విరమించుకొన్నది. 2006లో అది విడుదల చేసిన కోర్ 2 డుయో ప్రాసెసర్లలో ఒకటి కేవలం 2.4 గిగాహెర్ట్జ్ వేగం గలది. అయినను 3.8 గిగాహెర్ట్జ్ పెంటియం 4ను అది సునాయాసంగా మించింది. ఇంటెల్ ఈ విధంగా తన ప్రకటనలను తన ప్రాసెసర్ తోనే ఖండించుకొన్నది.

రెండవ కొలబద్ద: కోర్ల సంఖ్య

గడియారపు పందెం ముగియగానే కోర్ల పందెం మొదలైంది. ఒకే పలకపై ఆదేశాలను స్వతంత్రంగా నడపగల విభాగాలను కోర్లు అంటారు. నాలుగు కోర్లకంటె ఎనిమిది కోర్లు రెట్టింపు పని చేస్తాయని భావించడం సహజం. కాని అన్ని పనులూ పంచుకొనదగినవి కావు. వరి కోతకు కూలీలను పెంచితే కోత త్వరగా ముగుస్తుంది. అన్నం ఉడకడానికి పొయ్యి చుట్టూ ఎందరు కూర్చున్నా ఒకటే.

ఈ సంగతిని 1967లోనే జీన్ ఆమ్‌డాల్ అనే కంప్యూటర్ నిర్మాణవేత్త వివరించాడు. ఒక పనిలో నూటికి 80 వంతులు పంచుకొనదగినవి, 20 వంతులు పంచరానివి అనుకొందురు గాక. ఒక్క కోర్‌పై దానికి 100 సెకన్లు పడితే, ఎనిమిది కోర్లపై 80 సెకన్ల భాగం 10 సెకన్లలో ముగుస్తుంది. 20 సెకన్ల భాగం యథాతథంగా ఉంటుంది. మొత్తం 30 సెకన్లు. అనగా ఎనిమిది కోర్లు కలిసి సాధించిన వృద్ధి ఎనిమిది రెట్లు కాదు, 3.3 రెట్లు మాత్రమే. కోర్లను ఎన్ని లక్షలు చేసినను ఐదు రెట్లను మించదు.

అసలు కోర్ అని దేనిని పిలవవలెననే విషయంలో కూడా తగవు వచ్చింది. 2011లో ఏఎండీ ఎనిమిది కోర్లు గలదని చెప్పి ఎఫ్ఎక్స్ శ్రేణి ప్రాసెసర్‌ను అమ్మింది. అందులో కోర్లు జంటలుగా ఏర్పడి, దశాంశ గణితం చేసే విభాగాన్ని ప్రతి జంటా ఉమ్మడిగా వాడుకొనేది. కొందరు కొనుగోలుదారులు న్యాయస్థానానికి వెళ్ళారు. ఏఎండీ 2019లో 1 కోటి 21 లక్షల డాలర్ల పరిహారానికి అంగీకరించింది. గడియారం విషయంలో పెంటియం 4 నేర్పిన పాఠాన్నే కోర్ల విషయంలో ఎఫ్ఎక్స్ మరల నేర్పింది. పెద్ద సంఖ్యను పెట్టెపై ముద్రించాలనే ప్రలోభం ఒక్క సంస్థకే పరిమితమైనది కాదు.

మూడవ కొలబద్ద: పరీక్షల మార్కులు

గడియారాన్నీ కోర్లనూ నమ్మలేనప్పుడు, అసలు పనులనే ఇచ్చి కాలాన్ని కొలిస్తే సరిపోదా? ఇది శాస్త్రీయమైన ఆలోచనే. 1988లో ఏర్పడిన స్పెక్ అనే సంస్థ ఈ ఉద్దేశంతోనే నిజమైన ప్రోగ్రాముల సముదాయాలను పరీక్షలుగా రూపొందించింది. అయితే పరీక్షలో కూడా రెండు చిక్కులున్నవి.

మొదటిది పనుల ఎన్నిక. ఊహకు రెండు ప్రాసెసర్లను తీసుకొనవచ్చును. "క" అనేది మొదటి పనిని 10 సెకన్లలో, రెండవ పనిని 40 సెకన్లలో చేస్తుంది. "చ" అనేది అవే పనులను 20, 25 సెకన్లలో చేస్తుంది. రెండింటినీ కలిపితే "క"కు 50, "చ"కు 45 సెకన్లు. కావున "చ" నెగ్గింది. కాని ఒక పాఠశాలలో మొదటి పనిని నాలుగుసార్లు చేస్తే రెండవ పనిని ఒక్కసారే చేస్తారనుకొంటే, "క"కు 80, "చ"కు 105 సెకన్లు పడుతుంది. ఇప్పుడు "క" నెగ్గింది. ప్రాసెసర్లు మారలేదు, కొలతలు మారలేదు. మారినది వాడేవారి అవసరం. ఒకరి అవసరానికి తయారైన మార్కుల పట్టిక మరొకరికి తీర్పు కాజాలదు.

రెండవ చిక్కు మరింత సూక్ష్మమైనది. మనుషులు రాసిన ప్రోగ్రామును ప్రాసెసర్ ఆదేశాలుగా మార్చే సాధనాన్ని కంపైలర్ అంటారు. ప్రతి ప్రాసెసర్ తన తయారీదారు పేరును అడిగినప్పుడు పన్నెండు అక్షరాలలో చెప్పుకొంటుంది. ఒకటి "జెన్యూయిన్ ఇంటెల్" అంటుంది, రెండవది "అథెంటిక్ ఏఎండీ" అంటుంది. ఇంటెల్ వారి కంపైలర్‌తో తయారైన ప్రోగ్రాములు కొన్ని సందర్భాలలో ప్రాసెసర్ శక్తిని కాక ఈ పేరును చూచి, ఇతర సంస్థల ప్రాసెసర్లను నెమ్మదైన దారిలో నడిపించేవి. 2010లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో కుదిరిన పరిష్కారం ప్రకారం ఈ సంగతిని ఇంటెల్ బహిరంగంగా తెలుపవలసి వచ్చింది. పరీక్షాధికారి విద్యార్థి పేరు చూచి మార్కులు వేయడం వంటిదిది. కావున మార్కులను చూచేవారు ప్రశ్నపత్రం ఎవరు తయారుచేశారో కూడా విచారించవలెను.

పేరుపై నమ్మకం

కొలతలు ఇంత చిక్కైనవి గనుక పేరుపొందిన సంస్థను నమ్ముకొంటే చాలదా అని కొందరు అడుగవచ్చును. చరిత్ర దీనికి కూడా తగిన సమాధానం చెప్పింది. 1994లో ఇంటెల్ పెంటియంలో భాగహారపు లోపం బయటపడింది. 4195835ను 3145727తో భాగిస్తే 1.33382 రావలసి ఉండగా, లోపం గల ప్రాసెసర్ 1.33374 అని చెప్పేది. దీనిని కనిపెట్టినది ఏ పోటీ సంస్థో కాదు. థామస్ నైస్లీ అనే గణిత ఉపాధ్యాయుడు. తన గణనలో వచ్చిన తేడాను వదలిపెట్టకుండా మూలం వరకు వెంటాడిన ఫలితమది. ఇంటెల్ మొదట సంకోచించినా, చివరకు కోరినవారికెల్లా ప్రాసెసర్లను మార్చి ఇచ్చింది. అందుకు 47 కోట్ల 50 లక్షల డాలర్లను లెక్కలలో చూపవలసి వచ్చింది.

ఇటీవలి సంగతులు కూడా ఉన్నవి. 2023లో ఏఎండీ రైజెన్ 7000 శ్రేణి ప్రాసెసర్లు కొన్ని అధిక వోల్టేజి వలన కాలిపోగా, ఆ వోల్టేజికి హద్దు విధించారు. 2024లో ఇంటెల్ పదమూడు, పదునాలుగు తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు కొన్ని కూడా అధిక వోల్టేజి వలననే అస్థిరమైనవి. ఇంటెల్ సవరణ విడుదల చేసి, వారంటీని రెండేండ్లు పొడిగించింది. దోషం లేని సంస్థ లేదు. చూడవలసినది దోషం బయటపడినప్పుడు ఆ సంస్థ ఎట్లా నడుచుకొన్నది, ఇక్కడి కొనుగోలుదారుకు వారంటీ ఎంతవరకు అందుతుంది అన్న సంగతులు.

అయితే రెండు సంస్థలూ ఉండటం వలన ఒక గొప్ప మేలు ఉన్నది. ఏఎండీ బలహీనపడిన కాలంలో, సుమారు పదేండ్లపాటు, సామాన్యుల కొరకైన ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కోర్ల సంఖ్య నాలుగు దాటలేదు. 2017 మార్చిలో ఏఎండీ ఎనిమిది కోర్ల రైజెన్‌ను విడుదల చేసింది. ఆ సంవత్సరాంతానికే ఇంటెల్ ఆరు కోర్లను అందించింది. ఏ ఒక్క సంస్థనో గుడ్డిగా అభిమానించేవాడు ఈ పోటీని బలహీనపరచి తన ప్రయోజనానికే భంగం కలిగించుకొంటున్నాడు.

మరి ఎట్లా ఎన్నుకొనవలెను?

ముందుగా యంత్రంపై చేయదలచిన పనుల పట్టిక వ్రాయవలెను. పత్రాల తయారీ, లెక్కల పట్టికలు, పాఠాల వీడియోలు, ప్రాథమిక ప్రోగ్రామింగు వంటి పాఠశాల పనులకు, ఒకే ధరలో లభించే ఇటీవలి ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్ల మధ్య తేడా సాధారణంగా స్వల్పం. ప్రాసెసర్‌పై అధికంగా వెచ్చించి మెమరీని 4 గిగాబైట్లకు తగ్గించడం, లేదా ఎస్ఎస్‌డీకి బదులు పాత రకపు తిరిగే హార్డ్‌డిస్కును అంగీకరించడం కంటె పెద్ద పొరపాటు లేదు. ఏతం ఎంత గొప్పదైనను బావిలో నీరు ఊరవలెను గదా!

రెండవది, పేరు చివరనున్న అక్షరాన్ని గమనించవలెను. ఇంటెల్ కోర్ ప్రాసెసర్ సంఖ్య చివర "ఎఫ్" ఉంటే అందులో తెరపై బొమ్మ చూపే గ్రాఫిక్స్ విభాగం పనిచేయదు. ఏఎండీ రైజెన్ 5 5600లో ఆ విభాగం లేదు, 5600జీలో ఉన్నది. ఇది తెలియక కొన్నవారు గ్రాఫిక్స్ కార్డుకు మరల సొమ్ము వెచ్చించవలసి వస్తుంది.

మూడవది, విద్యుత్తు. ఇంటెల్ కోర్ ఐ5-12400పై 65 వాట్లని కనిపించినను, పూర్తి వేగంలో అది 117 వాట్ల వరకు తీసుకొనవచ్చునని తయారీదారే చెప్పియున్నాడు. ఏఎండీ కూడా తాను ప్రకటించే వాట్లను మించిన హద్దునే అమలుచేస్తుంది. సగటున 50 వాట్ల తేడా గల పది యంత్రాలు దినానికి 6 గంటల చొప్పున 200 దినాలు నడిస్తే 600 యూనిట్ల తేడా వస్తుంది. ఈ లెక్కను విద్యార్థులచేతనే చేయించవచ్చును.

నాలుగవది, పాత యంత్రాల విషయం. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 అధికారిక జాబితాలో ఇంటెల్ కోర్ ప్రాసెసర్లు సాధారణంగా ఎనిమిదవ తరం నుండి, ఏఎండీ రైజెన్‌లు 2000 శ్రేణి నుండి మాత్రమే ఉన్నవి. "ఐ7" అనే పేరు చూచి నాలుగవ తరపు పాత యంత్రాన్ని కొన్నవాడు పేరును కొన్నాడు గాని ప్రాసెసర్‌ను కొనలేదు. కొత్త "ఐ3" కూడా దానిని మించగలదు.

ఈ నాలుగింటినీ పరిశీలించిన పిమ్మట ఆనాటి ధరలను బట్టి ఇంటెల్ తేలవచ్చును, ఏఎండీ తేలవచ్చును. మరుసటి సంవత్సరం తీర్పు తారుమారు కావచ్చును. తీర్పు మారినందుకు చింతింపనక్కరలేదు. తీర్పు చెప్పే పద్ధతి సరియైనదైతే చాలును. ఉన్నత పాఠశాల భౌతికశాస్త్రంలో మొదటి పాఠం కొలతల గురించినదే. ప్రమాణం లేని సంఖ్యకు అర్థం లేదని ఉపాధ్యాయుడు బోధిస్తాడు. దేనితో కొలిచారు, ఏ పనిపై కొలిచారు, కొలిచినవారెవరు అన్న మూడు ప్రశ్నలను అంగడిలో కూడా అడగగలిగిన విద్యార్థికి ఆ పాఠం వంటబట్టినదని చెప్పవచ్చును.